2014 విభజన: చట్టంలో రాసినదేమిటి, సభలో అన్నదేమిటి

ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం చివర పదమూడో షెడ్యూలు ఉంటుంది. అందులో ఒకచోట విజయవాడ, గుంటూరు, తెనాలి పేర్లు పక్కపక్కనే కనిపిస్తాయి. మెట్రో రైలు గురించిన వాక్యం అది. మన మూడు ఊళ్లనూ కలుపుతూ మెట్రో వేస్తామని పార్లమెంటు చట్టంలోనే రాసిచ్చిందని ఇక్కడ చాలామంది నమ్ముతారు. వాక్యం మొత్తం చదివితే అందులో ఉన్న పని వేరు. విశాఖపట్నంలోను, విజయవాడ–గుంటూరు–తెనాలి పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలోను మెట్రో సాధ్యమవుతుందో లేదో కేంద్రం ఏడాదిలోగా పరిశీలించాలి, ఆపై త్వరగా నిర్ణయం తీసుకోవాలి. కట్టాలని ఎక్కడా లేదు. ఆ వాక్యంలో పేరున్న సంస్థ, అందరూ వీజీటీఎం ఉడా అనే సంస్థ కూడా, అదే ఏడాది డిసెంబరు నెలాఖరుకు రద్దయి దాని స్థానంలో రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ, సీఆర్‌డీఏ, వచ్చింది.

"విభజన హామీలు" అనే మాట చుట్టూ ఉన్న గందరగోళమంతా ఈ ఒక్క వాక్యంలో కనిపిస్తుంది. కేంద్ర బడ్జెట్ వచ్చిన ప్రతిసారీ, రెండు రాష్ట్రాల ముఖ్యమంత్రులు కూర్చున్న ప్రతిసారీ ఆ మాట పత్రికల్లోకి వస్తుంది. హోదా, రైల్వే జోన్, లోటు, పోలవరం, ఆస్తుల పంపకం అన్నీ ఒకే గంపలో వేసి మాట్లాడతారు. కానీ వీటి బరువు ఒకటి కాదు. కొన్ని "చేయాలి" అని చట్టంలో రాసినవి. కొన్ని "పరిశీలించాలి" అని రాసినవి. కొన్ని చట్టంలో అసలు లేనివి, సభలో నోటితో చెప్పినవి. ఏది ఏ కోవలోదో తెలియాలంటే 2014లో ఏ తేదీన ఏం జరిగిందో వరుసగా చూడాలి.

అసెంబ్లీ కాదన్నా రాష్ట్రం ఎలా విడిపోయింది

ముసాయిదా బిల్లును రాష్ట్రపతి 2013 డిసెంబరులో రాష్ట్ర శాసనసభకు పంపారు. అభిప్రాయం చెప్పడానికి 2014 జనవరి 23 వరకు గడువు ఇచ్చి, తర్వాత దాన్ని జనవరి 30కి పొడిగించారు. ఆ చివరి రోజున, ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్ రెడ్డి పెట్టిన తీర్మానం మేరకు, బిల్లును తిరస్కరిస్తున్నట్టు సభ మూజువాణి ఓటుతో తేల్చింది. నెల తిరిగేసరికి అదే బిల్లు చట్టమైంది. "మన అసెంబ్లీ వద్దన్నాక కూడా ఎలా చేశారు?" అన్న ప్రశ్న కృష్ణా, గుంటూరు జిల్లాల్లో నేటికీ వినిపిస్తుంది.

సమాధానం రాజ్యాంగంలోని 3వ అధికరణంలో ఉంది. కొత్త రాష్ట్రం ఏర్పాటు చేసే అధికారం పార్లమెంటుది. బిల్లు పెట్టాలంటే రెండు షరతులు. ఒకటి, రాష్ట్రపతి సిఫార్సు ఉండాలి. రెండు, ఏ రాష్ట్రం హద్దులు మారుతున్నాయో ఆ రాష్ట్ర శాసనసభకు అభిప్రాయం చెప్పే అవకాశం ఇవ్వాలి. అభిప్రాయం అడగాలి, అంతే. దానికి కట్టుబడాలని లేదు. బొంబాయి రాష్ట్రానికి సంబంధించిన బాబూలాల్ పరాటే కేసులో 1959లోనే సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది.

చట్టం అలా ఉన్నా సంప్రదాయం మరోలా ఉందన్నది విభజనను వ్యతిరేకించినవారి వాదన. 2000లో ఛత్తీస్‌గఢ్, ఉత్తరాఖండ్, జార్ఖండ్ ఏర్పడినప్పుడు ఆయా రాష్ట్రాల శాసనసభలు సరేనన్నాయి. రాజధాని నగరం పాత రాష్ట్రానికే మిగిలింది. 2014లో ఈ రెండూ తిరగబడ్డాయి. తెలంగాణ కోరినవారి వాదన కూడా బలమైనదే: 294 మంది ఉన్న సభలో తెలంగాణ సభ్యులు 119 మంది, అవతలివైపు 175 మంది. విడిపోవాలని కోరే ప్రాంతం తక్కువ సంఖ్యలో ఉన్నప్పుడు ఎక్కువ సంఖ్యవారి సమ్మతి తప్పనిసరి చేస్తే ఏ చిన్న ప్రాంతమూ ఎప్పటికీ రాష్ట్రం కాలేదు. రాజ్యాంగం ఆ అధికారాన్ని పార్లమెంటుకు ఇచ్చిందే అందుకని వారంటారు. న్యాయపరంగా రెండో వాదనకే బలం ఎక్కువ. లోక్‌సభలో బిల్లు నెగ్గిన తీరు మీద అభ్యంతరం మాత్రం వేరే విషయం, దాన్ని వేరుగానే చూడాలి.

ఫిబ్రవరి 18, ఫిబ్రవరి 20

ఫిబ్రవరి 13న బిల్లు లోక్‌సభకు వచ్చిన రోజే అప్పటి విజయవాడ ఎంపీ లగడపాటి రాజగోపాల్ సభలో పెప్పర్ స్ప్రే చల్లడం, సభ్యులను సస్పెండ్ చేయడం జరిగాయి. 18న తలుపులు మూసి, ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయిన సమయంలో బిల్లు మూజువాణి ఓటుతో నెగ్గింది. ఈ తీరును ప్రశ్నిస్తూ వేసిన పిటిషన్లు సుప్రీంకోర్టుకు వెళ్లాయి.

మన విషయానికి అసలు కీలకం 20వ తేదీ, రాజ్యసభ. బిల్లులో సీమాంధ్రకు జరగాల్సిన న్యాయం సరిగా లేదని, సవరణలు చేయాలని ప్రతిపక్షం పట్టుబట్టింది. ఇక్కడ ఒక విధానపరమైన చిక్కు ఉంది. ఒక సభ ఆమోదించిన బిల్లులో రెండో సభ ఒక్క మాట మార్చినా అది మళ్లీ మొదటి సభకు వెళ్లి ఆమోదం పొందాలి. 15వ లోక్‌సభ చివరి సమావేశాలు మరుసటి రోజు, ఫిబ్రవరి 21న ముగుస్తున్నాయి. లోక్‌సభకు తిరిగి వెళితే బిల్లు గట్టెక్కుతుందన్న భరోసా లేదు. అందుకని పాఠాన్ని ముట్టుకోకుండా, ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ లేచి ఆరు అంశాల ప్రకటన చేశారు. అందులో మొదటిది: 13 జిల్లాల ఆంధ్రప్రదేశ్‌కు ఐదేళ్ల పాటు ప్రత్యేక హోదా. ఐదు కాదు, పదేళ్లు కావాలని వెంకయ్యనాయుడు అడిగిందీ ఆ చర్చలోనే.

హోదా చట్టంలో లేకపోవడానికి కారణం ఈ ఒక్క రోజు తేడా. చట్టంలో ఉన్న మాట అమలు కాకపోతే కోర్టుకు వెళ్లవచ్చు. సభలో ప్రధాని ఇచ్చిన మాట అమలు కాకపోతే దారి వేరు: పార్లమెంటు హామీల కమిటీ, సభలో నిలదీత, చివరికి ఎన్నికలు. ప్రధాని మాటకు విలువ లేదని చెప్పడం కాదిది. ప్రభుత్వం మారినా రాజ్యసభలో దేశం ముందు ఇచ్చిన మాటను తర్వాతి ప్రభుత్వం నిలబెట్టాలన్నది ఆంధ్రప్రదేశ్ పార్టీలన్నీ ఏదో ఒక సమయంలో చేసిన వాదనే, నైతికంగా దానికి జవాబు లేదు. కానీ నైతిక హక్కును చట్టపరమైన హక్కుగా జనానికి చెప్పడం వల్లనే "చట్టంలో ఉంది కదా" అనే అపోహ ఇంతకాలం నిలిచింది.

హోదా వస్తే లెక్కలో ఏం మారేది

ప్రత్యేక హోదా 1969లో, రాష్ట్రాలకు కేంద్ర ప్రణాళికా సాయం పంచే గాడ్గిల్ సూత్రంతో పాటు వచ్చిన ఏర్పాటు. కొండ ప్రాంతాలు, సరిహద్దు, పలచని జనాభా, ఆర్థిక వెనుకబాటు వంటి కొలతలు చూసి ఇచ్చేవారు. అస్సాం, నాగాలాండ్, జమ్మూకశ్మీర్‌తో మొదలై 2014 నాటికి 11 రాష్ట్రాలకు ఉండేది.

ఒక ఉదాహరణ. 100 కోట్ల రూపాయల కేంద్ర ప్రాయోజిత పథకం గుంటూరు జిల్లాలో అమలవుతోందనుకుందాం. 2015 తర్వాతి నియమాల ప్రకారం సాధారణ రాష్ట్రానికి కేంద్రం 60 కోట్లు, రాష్ట్రం 40 కోట్లు పెట్టాలి. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలైతే కేంద్రం 90, రాష్ట్రం 10. అంటే ఒక్కో వంద కోట్లకు తేడా 30 కోట్లు. 2016 సెప్టెంబరులో హోదాకు బదులుగా కేంద్రం ప్రకటించిన ప్రత్యేక ప్యాకేజీ ఈ 30 కోట్ల తేడానే విదేశీ రుణ ప్రాజెక్టుల రూపంలో భర్తీ చేస్తామన్న లెక్క మీద నడిచింది.

పరిశ్రమలకు పన్ను రాయితీల సంగతి వేరు. హోదా ఉంటే అవి వాటంతట అవే రావు. ఉత్తరాఖండ్, హిమాచల్‌లకు ఎక్సైజ్ మినహాయింపు వేరే పారిశ్రామిక విధానం కింద వచ్చింది. ఇక్కడ విశేషమేమంటే, పన్ను ప్రోత్సాహకాల మాట విభజన చట్టం 94వ సెక్షన్‌లో ఉంది, హోదా మాట లేదు. బహిరంగ సభల్లో మాత్రం రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడారు.

ఆ ఏడాదే హోదా కింది నేల కదిలింది. 2014 ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి ప్రణాళికా సంఘం రద్దు ప్రకటన వచ్చింది. 2015 జనవరి 1న నీతి ఆయోగ్ ఏర్పడింది. ప్రణాళికా సాయం పంచే సంస్థే లేకుండా పోయింది. వై.వి.రెడ్డి అధ్యక్షతన 14వ ఆర్థిక సంఘం 2014 డిసెంబరులో నివేదిక ఇచ్చి, కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటాను 32 నుంచి 42 శాతానికి పెంచమంది. "ఆర్థిక సంఘం వద్దంది కాబట్టి హోదా ఇవ్వలేం" అని కేంద్రం తర్వాత చెప్పుకొచ్చింది. సంఘం చేసింది పన్నుల పంపకంలో ప్రత్యేక, సాధారణ రాష్ట్రాలన్న తేడా చూడకపోవడం. హోదా ఎవరికీ ఇవ్వొద్దని సిఫార్సు చేయడం దానికి సమానం కాదు. అయితే 42 శాతం వాటా వచ్చాక హోదా వల్ల మిగిలే అదనపు లాభం మునుపటంత లేదన్న కేంద్రం వాదనలో కొంత నిజం లేకపోలేదు.

ఒక రాష్ట్రం, రెండు ఎన్నికలు, ఆరు రోజుల ఖాళీ

మార్చి 1న రాష్ట్రపతి సంతకంతో బిల్లు 2014 నాటి 6వ నంబరు చట్టమైంది. అంతకుముందే, ఫిబ్రవరి 19న, ముఖ్యమంత్రి రాజీనామా చేయడంతో ఆ మార్చి 1నే రాష్ట్రపతి పాలన కూడా వచ్చింది. అపాయింటెడ్ డే, అంటే కొత్త రాష్ట్రం పుట్టే తేదీ, జూన్ 2 అని మార్చి 4న ప్రకటించారు.

దానితో ఎన్నికలు వింతగా నడిచాయి. ఏప్రిల్ 30న తెలంగాణ ప్రాంతంలో, మే 7న సీమాంధ్రలో పోలింగ్ జరిగింది. ఓటు వేసిన రోజుకు రాష్ట్రం ఒక్కటే. మే 16న ఫలితాలు వచ్చే నాటికీ ఒక్కటే. ఆ సభ్యులు కూర్చునే సభలు మాత్రం రెండు. 175లో తెలుగుదేశం 102, వైఎస్సార్ కాంగ్రెస్ 67, బీజేపీ 4 గెలిచాయి. 119లో టీఆర్ఎస్ 63. రాజ్యసభలో ఉన్న 18 మందిని ఏ రాష్ట్రానికి చెందినవారో తేల్చడానికి లాటరీ తీశారు: 11 ఆంధ్రప్రదేశ్‌కు, 7 తెలంగాణకు.

జూన్ 2న తెలంగాణ ప్రభుత్వం ప్రమాణం చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో చంద్రబాబు ప్రమాణం జూన్ 8న, నాగార్జున విశ్వవిద్యాలయం ఎదుటి మైదానంలో జరిగింది. మధ్యలో ఆరు రోజులు ఇక్కడ రాష్ట్రపతి పాలనే సాగింది. ఒక ముఖ్యమంత్రి హైదరాబాద్ బయట, విజయవాడ–గుంటూరు రహదారి పక్కన ప్రమాణం చేయడం రాజధాని ఎటు వస్తుందో ముందే చెప్పినట్టయింది.

58.32 : 41.68

2014 లెక్కలన్నిటికీ ఇరుసు ఈ నిష్పత్తి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి రాష్ట్ర జనాభాలో 13 జిల్లాల వాటా 58.32 శాతం, తెలంగాణది 41.68 శాతం. "జనాభా నిష్పత్తి" అంటే ఇదేనని చట్టం మొదట్లోనే నిర్వచించింది. చిక్కంతా అన్నిటికీ ఇదే వర్తించకపోవడంలో ఉంది.

భూములు, భవనాలు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రానివే. ఖజానాలోని నగదు, బ్యాంకు నిల్వలు జనాభా నిష్పత్తిలో పంచాలి. అప్పు కూడా సాధారణంగా జనాభా నిష్పత్తిలోనే. ఇప్పుడు ఒక ఊహా లెక్క వేద్దాం. ఉమ్మడి ప్రభుత్వం 100 కోట్లు అప్పు తెచ్చి హైదరాబాద్‌లో 100 కోట్ల భవనం కట్టింది. విభజన తర్వాత భవనం తెలంగాణది. అప్పులో 58.32 కోట్లు ఆంధ్రప్రదేశ్ కట్టాలి. అదే భవనం గుంటూరులో ఉండి ఉంటే లెక్క తలకిందులయ్యేది: భవనం ఇక్కడిది, 41.68 కోట్లు తెలంగాణ కట్టేది. నియమం ఇద్దరికీ ఒకటే. కానీ దశాబ్దాల పాటు కట్టడాలు ఎక్కువగా హైదరాబాద్‌లోనే జరిగాయి కాబట్టి ఒకే నియమం ఒకవైపే బరువు వేసింది.

తెలంగాణ వైపు వాదన తేలిగ్గా తీసేసేది కాదు. రాజధాని నగరపు నీరు, భూమి, రద్దీ ఆ ప్రాంతమే భరించిందని, ప్రాంతంలో ఉన్న ఆస్తి ప్రాంతానికి చెందడం దేశంలో ఇంతకుముందు జరిగిన విభజనల్లోనూ ఉన్న పద్ధతేనని వారంటారు. 1953లో మద్రాసు నుంచి ఆంధ్ర విడిపోయినప్పుడు మద్రాసు నగరం అక్కడే ఉండిపోయింది, కర్నూలులో కొత్తగా మొదలుపెట్టాం, హైకోర్టు గుంటూరుకు వచ్చింది. ఆ అనుభవం ఉన్న ప్రాంతానికి రెండోసారి అదే జరగడం ఇక్కడి బాధకు మూలం.

పన్నుల్లోనూ ఇలాంటి మెలిక ఒకటి ఉంది. పన్ను బకాయిలు వసూలు చేసుకునే హక్కు పన్ను మదింపు ఎక్కడ జరిగిందో ఆ రాష్ట్రానిది. పెద్ద కంపెనీల రిజిస్టర్డ్ కార్యాలయాలు హైదరాబాద్‌లో ఉండేవి కాబట్టి, సరుకు విజయవాడలో అమ్మినా మదింపు అక్కడే. కట్టిన పన్ను తిరిగి ఇవ్వాల్సివస్తే ఆ భారం మాత్రం జనాభా నిష్పత్తిలో పంచుకోవాలి. రాబడి స్థలాన్ని బట్టి, చెల్లింపు తలలను బట్టి. ఈ సెక్షన్లు సవరించాలని ఆంధ్రప్రదేశ్ మొదటి నుంచి అడుగుతూనే ఉంది. విద్యుత్తుకు మూడో కొలత వాడారు: గత ఐదేళ్ల వినియోగం. దాని ప్రకారం తెలంగాణకు 53.89 శాతం, ఆంధ్రప్రదేశ్‌కు 46.11 శాతం దక్కింది.

సంస్థల దగ్గర గొడవ ఇంకా ముదిరింది. తొమ్మిదో షెడ్యూలులో కార్పొరేషన్లు, కంపెనీలు 91. పదో షెడ్యూలులో శిక్షణ సంస్థలు, అకాడమీలు, మండళ్లు. వాటి సంఖ్య తర్వాత చేర్చినవాటితో కలిపి 142. పదో షెడ్యూలు సంస్థలు రెండు రాష్ట్రాలకూ సేవలందించాలని, ఎంతకాలం, ఏ షరతుల మీద అన్నది రెండు ప్రభుత్వాలు ఏడాదిలోగా ఒప్పందం చేసుకోవాలని చట్టం చెప్పింది. ఆస్తులు ఎవరివో సూటిగా చెప్పలేదు. హైదరాబాద్‌లోని ఉన్నత విద్యామండలి బ్యాంకు ఖాతాల మీద వివాదం రేగి, హైకోర్టులో ఆంధ్రప్రదేశ్ ఓడింది. 2016 మార్చిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును మార్చింది: సంస్థ ఉన్న చోటును బట్టి సేవలు కొనసాగడం వేరు, దాని ఆస్తి మొత్తం ఆ రాష్ట్రానికి పోవడం వేరు, ఒప్పందం కుదరకపోతే జనాభా నిష్పత్తే దిక్కు అని చెప్పింది. చట్టంలోని ఒక్క ఖాళీ పూడ్చడానికి రెండేళ్లు పట్టింది.

సాఫీగా తేలిన లెక్క కూడా ఒకటి ఉంది. ఢిల్లీలోని ఏపీ భవన్ స్థలం 19.781 ఎకరాలు. ఆ స్థలం రెండు రాష్ట్రాల్లోనూ లేదు కాబట్టి "ఎక్కడుంటే వారిది" అన్న నియమం పనికిరాదు. 2024 మార్చిలో కుదిరిన పంపకంలో ఆంధ్రప్రదేశ్‌కు 11.536 ఎకరాలు, తెలంగాణకు 8.245 ఎకరాలు వచ్చాయి. 19.781ని 58.32 శాతంతో గుణించి చూడండి, సరిగ్గా 11.536 వస్తుంది. ఇంత సులువైన గుణకారానికీ దాదాపు పదేళ్లు పట్టింది. ఏ భవనం ఏ ముక్కలోకి రావాలన్న దానిపై తేలకపోవడమే కారణం.

మొదటి ఏడాది లోటు: రెండు లెక్కలు

ప్రధాని ఆరు అంశాల్లో మరొకటి, అపాయింటెడ్ డే నుంచి మొదటి ఏడాది రాష్ట్ర వనరుల్లో వచ్చే లోటును కేంద్ర బడ్జెట్ నుంచి పూడుస్తామన్నది. లోటు ఎంత? 2014 జూన్ 2 నుంచి 2015 మార్చి 31 వరకు పది నెలల్లో రూ.16,078 కోట్లని రాష్ట్రం లెక్క. రూ.4,117.89 కోట్లని కేంద్రం లెక్క. ఇద్దరూ అవే పద్దులు చూశారు, తేడా ఏవి కలపాలన్న దగ్గర వచ్చింది. రైతు రుణమాఫీ, పెంచిన పింఛన్లు వంటివి కొత్త ప్రభుత్వం స్వయంగా ఎంచుకున్న ఖర్చులని, విభజన వల్ల వచ్చినవి కావని కేంద్రం పక్కన పెట్టింది. సభలో ఇచ్చిన మాటలో అలాంటి మినహాయింపు లేదని, లోటంటే లోటేనని రాష్ట్రం నిలబడింది. తొలి ఏళ్లలో రూ.3,979.5 కోట్లు ఇచ్చి కేంద్రం దాదాపు లెక్క మూసేసింది. 2023 మేలో అకస్మాత్తుగా మరో రూ.10,460.87 కోట్లు విడుదల చేసింది. "లోటు" అన్న పదానికి నిర్వచనం రాసి ఉంటే తొమ్మిదేళ్లు ఆగాల్సిన పని లేదు.

ఉమ్మడి రాజధాని, కొత్త రాజధాని

5వ సెక్షన్ చిన్నది. హైదరాబాద్, అంటే జీహెచ్ఎంసీ పరిధి, పదేళ్లకు మించకుండా రెండు రాష్ట్రాలకూ ఉమ్మడి రాజధాని. ఆ తర్వాత అది తెలంగాణకే, ఆంధ్రప్రదేశ్‌కు "ఒక కొత్త రాజధాని" ఉంటుంది. పదేళ్లు ఖాయమని చాలామంది అనుకున్నారు. చట్టం అన్నది పదేళ్లకు మించకుండా అని. పైగా ఉమ్మడి రాజధాని అంటే ఉమ్మడి పాలన కాదు, పన్నులు తెలంగాణవే. ఆచరణలో సచివాలయం 2016లోనే వెలగపూడికి తరలింది, 2017 మార్చిలో అసెంబ్లీ అక్కడ కొలువుదీరింది, 2019 జనవరి 1 నుంచి హైకోర్టు వేరయింది. 2024 జూన్ 2న గడువు ముగిసే నాటికి హైదరాబాద్‌లో ముగియడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

కొత్త రాజధాని ఎక్కడన్నది చట్టం చెప్పలేదు. నిపుణుల కమిటీ వేయాలని మాత్రం చెప్పింది. శివరామకృష్ణన్ కమిటీ 2014 ఆగస్టు 27న ఇచ్చిన నివేదిక, విజయవాడ–గుంటూరు మధ్య మాగాణిలో ఒకే పెద్ద నగరం కట్టడం మీద హెచ్చరించి, కార్యాలయాలను పలు ప్రాంతాలకు పంచమంది. సెప్టెంబరు 4న ముఖ్యమంత్రి శాసనసభలో రాజధాని విజయవాడ పరిసరాల్లోనేనని ప్రకటించారు. రాష్ట్రానికి ఇది నడిమధ్య, రైలు, రోడ్డు, నీరు, ఇరువైపులా రెండు నగరాలు ఉన్నాయన్నది ప్రభుత్వ వాదన. ఏటా మూడు పంటలు పండే నేల పోతుందన్నది, డబ్బంతా ఒకే చోట పోస్తే హైదరాబాద్ తప్పే మళ్లీ జరుగుతుందన్నది ఎదుటి వాదన. కమిటీ సిఫార్సు ప్రభుత్వం మీద బంధనం కాదు, ఇక్కడా "పరిశీలన"కే బరువు.

భూమి కోసం డిసెంబరులో సీఆర్‌డీఏ చట్టం, 2015 జనవరి 1న ల్యాండ్ పూలింగ్ నిబంధనలు వచ్చాయి. తుళ్లూరు, మంగళగిరి, తాడేపల్లి వైపు 29 గ్రామాల రైతులు 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చారు. పద్ధతి ఒక ఎకరం మీద చూద్దాం. ఎకరా అంటే 4,840 చదరపు గజాలు. నది వైపు నీటి వసతి ఉన్న జరీబు భూమికి పట్టా ఉన్న రైతుకు 1,000 గజాల నివాస స్థలం, 450 గజాల వాణిజ్య స్థలం తిరిగి వస్తాయి. మొత్తం 1,450 గజాలు, అంటే ఇచ్చినదానిలో సుమారు 30 శాతం. మెట్ట అయితే 1,000, 250. అంటే 26 శాతానికి కాస్త తక్కువ. దీనికి తోడు పదేళ్ల పాటు ఏటా కౌలు. జరీబుకు మొదటి ఏడు రూ.50 వేలు, ఏటా రూ.5 వేలు పెంపు. పదేళ్లకు మొత్తం రూ.7.25 లక్షలు. మెట్టకు రూ.30 వేలతో మొదలై ఏటా రూ.3 వేలు పెరిగి మొత్తం రూ.4.35 లక్షలు. కూలికి వెళ్లే భూమిలేని కుటుంబాలకు నెలకు రూ.2,500 పింఛను.

భూసేకరణలో అయితే డబ్బిచ్చి భూమి తీసుకుంటారు, లావాదేవీ అక్కడితో ముగుస్తుంది. పూలింగ్‌లో రైతు భాగస్వామి. 1,450 గజాల విలువ ఆ నగరం కడితేనే పెరుగుతుంది. కట్టడం ఆగితే అతని దగ్గర పంట లేదు, అమ్మకానికి పనికొచ్చే ప్లాటూ లేదు, కౌలు ఒక్కటే ఉంటుంది, అదీ గడువున్న కౌలు. 2019 చివర మూడు రాజధానుల ప్రతిపాదన వచ్చి పనులు ఆగినప్పుడు రైతులు రోడ్డెక్కింది ఇందుకే. అప్పుడు కోర్టులో 5వ సెక్షన్‌లోని "ఒక" కొత్త రాజధాని అన్న ఏకవచనం మీద కూడా వాదన సాగింది. 2014లో ఆమోదించిన పాఠంలో ఊరి పేరు రాయకపోవడంతో ఆ ఒక్క పదాన్ని పట్టుకుని వాదించాల్సి వచ్చింది.

క్రియ చూసి చదవాలి

పదమూడో షెడ్యూలును క్రియాపదాల మీద వేలు పెట్టి చదివితే చాలా సందేహాలు తీరతాయి. ఎయిమ్స్ తరహా ఆస్పత్రి "ఏర్పాటు చేయాలి" అని ఉంది. మంగళగిరిలో అది వచ్చింది, 2018లో మొదటి ఎంబీబీఎస్ బ్యాచ్ మొదలైంది. ఐఐటీ, ఎన్ఐటీ, ఐఐఎం వంటివాటికి "12, 13వ ప్రణాళికల కాలంలో చర్యలు తీసుకోవాలి". 13వ ప్రణాళిక అసలు రాలేదు, అయినా తిరుపతి, తాడేపల్లిగూడెం, విశాఖల్లో ఇవి 2015లోనే మొదలయ్యాయి. రైల్వే జోన్ ఆరు నెలల్లో "పరిశీలించి నిర్ణయం తీసుకోవాలి". ఆ నిర్ణయం 2019 ఫిబ్రవరిలో వచ్చింది. కడప ఉక్కు కూడా "సాధ్యాసాధ్యాలు పరిశీలించాలి" కోవలోదే.

అయితే క్రియ గట్టిగా ఉన్నంత మాత్రాన పని అవుతుందనుకోవడమూ పొరపాటే. దుగరాజపట్నం పెద్ద ఓడరేవును "అభివృద్ధి చేయాలి", తొలి దశ 2018 చివరికల్లా అని తేదీతో సహా రాశారు. పరిశీలన అన్న మాట లేదు, గడువు ఉంది. 2018 వచ్చి పోయింది, ఓడరేవు రాలేదు. పక్కనే శ్రీహరికోట ఉండడం, ఆర్థికంగా గిట్టుబాటు కాదన్న అంచనాలు అడ్డొచ్చాయి. ఈ షెడ్యూలు మొత్తానికి 93వ సెక్షన్ పెట్టిన పదేళ్ల గడువు కూడా 2024 జూన్ 2తో తీరింది. గడువు తీరితే బాధ్యత తీరుతుందా అన్నదానిపై చట్టం మౌనం.

225 సీట్లు ఎందుకు రాలేదు

26వ సెక్షన్ ప్రకారం ఆంధ్రప్రదేశ్ శాసనసభ 175 నుంచి 225కు, తెలంగాణది 119 నుంచి 153కు పెరగాలి. సంఖ్యలు స్పష్టంగానే రాశారు. వాటికి ముందు ఒక షరతు ఉంది: రాజ్యాంగం 170వ అధికరణానికి లోబడి. ఆ అధికరణం 2026 తర్వాత జరిగే మొదటి జనగణన లెక్కలు వెలువడేదాకా రాష్ట్రాల శాసనసభ సీట్ల సంఖ్య మార్చకూడదంటుంది. సాధారణ చట్టం రాజ్యాంగాన్ని దాటలేదు. జమ్మూకశ్మీర్‌లో సీట్లు పెంచారు కదా, మనకెందుకు పెంచరన్న పిటిషన్‌ను 2025 జులైలో సుప్రీంకోర్టు కొట్టేసింది. అది కేంద్రపాలిత ప్రాంతం, 170వ అధికరణం రాష్ట్రాలకు వర్తించేది కాబట్టి రెంటికీ పోలిక కుదరదంది. కొత్త జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. అంటే 2014లో అంకెలతో సహా రాసిన ఆ 50 సీట్లకు తలుపు తెరుచుకోవాలంటే ముందు ఆ లెక్కలు అచ్చు కావాలి, లేదా రాజ్యాంగ సవరణ జరగాలి.